గాలిలో నలభై కిలోమీటర్లు, నేల మీద కర్నూలు చుట్టు

సంపాదకులకు నమస్కారం.

కొల్లాపూర్ నుంచి ఆత్మకూరు ఎంత దూరమని ఫోన్‌లో వెతికితే కొన్ని సైట్లు ఠక్కున చెప్పేస్తాయి: దాదాపు నలభై కిలోమీటర్లు, విమానంలో అరగంట. (వనపర్తి జిల్లాలోనూ ఓ ఆత్మకూరు ఉంది. నేను చెప్పేది కృష్ణకు అవతల, నంద్యాల జిల్లా ఆత్మకూరు.) రెండు ఊళ్లలో ఎక్కడా విమానం దిగే చోటు లేదు. మ్యాప్ మీద తిన్నగా గీత గీసి, గంటకు ఎనిమిది వందల కిలోమీటర్ల చొప్పున భాగించి, ఎక్కడానికీ దిగడానికీ ఓ అరగంట కలుపుతారు. ఎగిరేది మూడు నిమిషాలే, మిగతాదంతా కలుపుడు లెక్క!

నవ్వి ఊరుకునేవాణ్ణే. కానీ మహబూబ్‌నగర్ జిల్లా గుడిబండ దగ్గర విమానాశ్రయం అన్న మాట లేచినప్పుడల్లా మా దగ్గర కూడా గాలి లెక్కలే నడుస్తాయి. వస్తే మంచిదే, వద్దనేవాళ్లెవరు? అయితే ఇంటి గడప దాటి, బస్సులు మారి, అక్కడికి చేరి, చెకింగ్‌కు ముందే పోయి నిలబడే టైమును ఎవరూ లెక్కలో వేయరు.

మా వైపు చాలా కుటుంబాలకు వియ్యాలు ఏటి అవతలే. రోడ్డున పోవాలంటే పెబ్బేరు, బీచుపల్లి వంతెన, ఆలంపూర్ చౌరస్తా, కర్నూలు, నందికొట్కూరు. నూట యాభై కిలోమీటర్ల పైమాటే. పెళ్లికో చావుకో పోయివస్తే రోజంతా బస్సులకే పోతుంది.

అందుకే జనం బోటులో కృష్ణ దాటడానికి మా దగ్గరి సోమశిల ఘాటుకు పోతారు. శ్రీశైలం డ్యామ్ వెనుక నీళ్లు నిండుగా ఉంటే బోటు మెట్ల దాకా వస్తుంది. నీళ్లు తగ్గితే బురదలో నడిచి ఎక్కాల్సిందే. మోటారు సైకిళ్లను పలక మీదుగా ఎక్కించి, వాటి పక్కనే పిల్లలనెత్తుకున్న ఆడవాళ్లు కూర్చుంటారు. గాలి లేస్తే అందరికీ టెన్షనే. 2007 జనవరిలో ఈ నీళ్లలోనే బోటు మునిగి 61 మంది చనిపోయారు. ఆ తర్వాత పుట్టిన పిల్లలు కాలేజీకొచ్చారు, దాటడం మాత్రం ఇంకా బోటు మీదే.

సోమశిల, సిద్ధేశ్వరం మధ్య తీగల వంతెనకు 2022లో కేంద్రం సుమారు 1,082 కోట్లు మంజూరు చేసింది. కల్వకుర్తి నుంచి నంద్యాల వైపు పోయే 167కె జాతీయ రహదారిలో అది భాగం. హైదరాబాద్ నుంచి తిరుపతికి దాదాపు ఎనభై కిలోమీటర్లు తగ్గుతుందని అప్పట్లో చెప్పారు. పాదచారులకు అద్దాల దారి అంటూ బొమ్మలు కూడా చూపించారు. బొమ్మలు బాగున్నాయి. నాకైతే అద్దాల దారి లేకున్నా ఫర్వాలేదు, ఓ బస్సు దాటితే చాలు.

అధికారులను అడిగేది ఇంతే. వంతెన పని ఏ దశలో ఉందో, ఎప్పటికి పూర్తవుతుందో ఘాటు దగ్గర బోర్డు మీద రాసి పెట్టండి. అప్పటిదాకా లైఫ్ జాకెట్ లేకుండా ఎవరినీ ఎక్కించొద్దు, మనుషులనూ బండ్లనూ ఒకే బోటులో పంపొద్దు, చీకటి పడ్డాక బోటు కదలనివ్వొద్దు. ఇవి చూడటానికి ఘాటులో రోజూ ఒక మనిషిని ఉంచండి. పండగ రోజుల్లో, శివరాత్రికి సంగమేశ్వరం పోయే జనం ఎక్కువున్నప్పుడు, ఒక్క మనిషి సరిపోడు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కొల్లాపూర్, నాగర్‌కర్నూల్ జిల్లా