జాక్ పట్టింది కదా అని బాక్సు తగిలించేయకండి

సంపాదకులు గారికి,

పాత గిటార్ ఆంప్లిఫయర్ల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం ఆసక్తిగా ఉంది. అయితే అందులో వాట్లు సరిపోతే ఏ స్పీకర్ బాక్సయినా తగిలించుకోవచ్చని రాశారు. ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్‌కైనా అది సగం నిజమే. వాల్వు (గాజు ట్యూబు) ఆంప్లిఫయర్‌కు ఆ సలహా పాటిస్తే పోయేది, వాల్వులకూ స్పీకర్‌కూ నడుమ ఉండే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు. 1960ల నాటి అసలు ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయాక మళ్లీ చుట్టిస్తే ఆంప్లిఫయర్ మోగుతుంది గానీ దాని పాత విలువ తిరిగి రాదు.

ముందు చూడాల్సింది ఓమ్‌లు, అంటే కరెంటుకు స్పీకర్ ఇచ్చే అడ్డు. వాట్ల సంగతి ఆ తరవాత. మన ఊళ్లలో మైక్‌సెట్ నడిపేవాళ్లకు ఈ సంగతి కొత్తేమీ కాదు. వాళ్ల ఆంప్లిఫయర్ వెనకాల 4, 8, 16 ఓమ్‌లకు, 100 వోల్టుల లైనుకు వేరువేరు టెర్మినళ్లు ఉంటాయి. ఎన్ని హారన్లు కడుతున్నారో లెక్క చూసుకున్నాకే వైరు బిగిస్తారు. గిటార్ ఆంప్లిఫయర్ల దగ్గర అన్నిటికీ ఒకటే పావు అంగుళం జాక్ కావడంతో ఆ లెక్క ఎవరికీ గుర్తురాదు.

వాల్వుల పక్క వోల్టేజి ఎక్కువ, కరెంటు తక్కువ. స్పీకర్ పక్క సరిగ్గా తలకిందులు. రెంటినీ కలిపేది ట్రాన్స్‌ఫార్మరు. దానికి సొంతంగా ఇన్ని ఓమ్‌లని ఉండదు, అవతల కట్టిన ఓమ్‌లనే చుట్ల నిష్పత్తి వర్గంతో పెంచి ఇవతల వాల్వులకు చూపిస్తుంది. 6ఎల్6 రకం వాల్వులు రెండింటి జతకు సుమారు 4,000 ఓమ్‌ల లోడు కావాలి. ఫెండర్ కంపెనీ వాళ్ల సూపర్ రివర్బ్ ఆంప్లిఫయర్‌నే తీసుకోండి. అందులో 8 ఓమ్‌ల 10 అంగుళాల స్పీకర్లు నాలుగూ పారలల్‌లో ఉంటాయి, మొత్తం 2 ఓమ్‌లు. అంటే ట్రాన్స్‌ఫార్మరు 2ను 4,000 చేస్తోంది, రెండు వేల రెట్లు. ఆ స్పీకర్లు పీకేసి, ఎక్కడో దొరికిన 16 ఓమ్‌ల మార్షల్ కంపెనీ బాక్సు తగిలించారనుకోండి. వాల్వులకు కనిపించేది 32,000 ఓమ్‌లు! వాల్వు లోపల కరెంటు చేరే రేకు, అంటే ప్లేటు, దాని వోల్టేజి అదుపు తప్పి ఎగిరెగిరి పడుతుంది, దాని ముందుండే సన్న తీగల చుట్ట స్క్రీన్ గ్రిడ్ ఎర్రబడుతుంది, సాకెట్‌లో ప్లేటు ఉండే 3వ పిన్ను నుంచి పక్కనున్న 2వ పిన్ను హీటరుకు నిప్పురవ్వ దూకుతుంది. ఒకసారి రవ్వ దూకితే సాకెట్ మీద నల్లటి చార పడుతుంది. ఆ చార బొగ్గు, దాని గుండా కరెంటు పోతుంది. ఇక ఆ సాకెట్ ఎంత తుడిచినా పనికిరాదు, మార్చాల్సిందే.

స్పీకరే లేకుండా వాల్వు ఆంప్లిఫయర్ మోగిస్తే జరిగేదీ ఇదే, ఇంకా వేగంగా. ట్రాన్సిస్టర్ వాళ్లు షార్టుకు, అంటే రెండు తీగలు నేరుగా కలిసిపోవడానికి భయపడతారు. వాల్వు వాళ్లు భయపడాల్సింది ఓపెన్‌కు, అంటే తీగల చివర ఏమీ లేకపోవడానికి. ఫెండర్ వాళ్లకు ఇది తెలుసు కాబట్టే మెయిన్ స్పీకర్ సాకెట్‌లోంచి జాక్ లాగగానే అది తనంతట తాను షార్టు అయ్యేలా పెట్టారు. కొందరు తెలియక బాక్సును పక్కనున్న ఎక్స్‌టెన్షన్ సాకెట్ ఒక్కదానికే పెట్టి, శబ్దం రావట్లేదని వాల్వులు మార్పిస్తుంటారు. మెయిన్ సాకెట్ ఖాళీగా ఉంటే షార్టు అలాగే ఉంటుంది, శబ్దం ఎక్కడి నుంచి వస్తుంది?

కొద్దిపాటి తేడాను ఇవి ఓర్చుకుంటాయి. ఒకటికి రెండు వరకు అయితే వెంటనే కొంప మునగదు. ఏ దిక్కుకు తేడా మేలన్న దానిపై మెకానిక్కులు ఇప్పటికీ వాదించుకుంటారు. నా మట్టుకు, ఈఎల్ 34 వాల్వులున్న పాత మార్షల్‌కు బాక్సు ఓమ్‌లు, ఆంప్లిఫయర్ మీద ఓమ్‌లు ఎంచుకునే సెలెక్టరు మీది అంకెకన్నా ఎక్కువ ఉండకూడదు. తక్కువైతే వాల్వులు త్వరగా అరుగుతాయి, అంతే. వాల్వులు కొనుక్కోవచ్చు. ఒకటికి నాలుగు తేడా మాత్రం ఏ దిక్కుకూ వద్దు.

బాక్సు వెనక రాసి ఉన్న అంకెను నమ్మకండి. యాభై ఏళ్లలో ఎవరెవరు స్పీకర్లు మార్చారో! మల్టీమీటరు 200 ఓమ్‌ల రేంజిలో పెట్టండి. బాక్సుకు స్పీకర్ వైరు తగిలించి, రెండో కొసన ఉన్న జాక్ మొనకు ఒక ప్రోబ్, ఒంటికి ఇంకో ప్రోబ్ ఆనించండి. ఆంప్లిఫయర్‌ను ముట్టుకోవద్దు, ప్లగ్ పీకేశాక కూడా లోపలి కెపాసిటర్లలో 400 వోల్టులకు పైగా నిలవ ఉండొచ్చు. మీటరు చూపేది డీసీ నిరోధం కాబట్టి అసలు అంకెకన్నా తక్కువ వస్తుంది. 8 ఓమ్‌ల బాక్సుకు 6 నుంచి 7, 16కు 12 నుంచి 14, 4కు మూడు పైచిలుకు.

నాలుగు స్పీకర్ల బాక్సులో ఇంకో మోసం ఉంది. నాలుగు 16 ఓమ్‌ల స్పీకర్లను రెండేసి సిరీస్‌లో కట్టి, ఆ రెండు జతలను పారలల్ చేస్తే మొత్తం మళ్లీ 16. అందులో ఒక్క కాయిల్ తెగితే దాని జత మొత్తం ఊరుకుంటుంది, రెండో జత మోగుతూనే ఉంటుంది. వినేవాళ్లకు కాస్త తగ్గినట్టు అనిపిస్తుందే తప్ప అనుమానం రాదు. ఆంప్లిఫయర్ మాత్రం 32 ఓమ్‌ల మీద నడుస్తుంటుంది. మీటరులో 13 రావాల్సిన చోట 26 వస్తే వెనక పలక విప్పండి. విప్పినప్పుడే 1.5 వోల్టుల బ్యాటరీతో స్పీకర్లను ఒక్కొక్కటిగా, వైర్లు ఊడదీసి, ఒక్క క్షణం తాకించి చూడండి. ప్లస్ ప్లస్‌కు తాకిస్తే కోన్లన్నీ ఒకే వైపు కదలాలి. ఒకటి ఎదురు కదిలితే బేస్ మాయమవుతుంది. ఈ లోపానికి చాలామంది తిట్టేది ఆంప్లిఫయర్‌నే.

ఇక వాట్లు. వాల్వు ఆంప్లిఫయర్ మీద రాసే 50 వాట్లు శబ్దం పగలకముందు లెక్క. వాల్యూమ్ పూర్తిగా పెంచితే 70 దాటొచ్చు. కాబట్టి బాక్సు రాసిన వాట్లకు రెట్టింపు తట్టుకోవాలి. సెలెస్టియన్ గ్రీన్‌బ్యాక్ స్పీకర్ ఒక్కోటి 25 వాట్లు, నాలుగు కలిస్తే 100. 50 వాట్ల హెడ్‌కు (స్పీకర్ లేని విడి ఆంప్లిఫయర్‌కు) అది చాలు. 100 వాట్ల హెడ్‌కు అలాంటి బాక్సులు రెండు కావాలి, రెండు 16లు పారలల్ అయితే 8 కనుక సెలెక్టరు 8కి తిప్పాలి. తిప్పేది ఆంప్లిఫయర్ ఆపాకే. పాత సెలెక్టరు వదులై కాంటాక్టు తప్పితే అది కూడా ఓపెన్ లోడే. ఒకే హెడ్‌కు 8 ఓమ్‌ల బాక్సు, 16 ఓమ్‌ల బాక్సు కలిపి పెట్టకండి, 8 ఓమ్‌ల దానికి రెట్టింపు వాట్లు పోతాయి.

అసలు ఈ ఓమ్‌ల మార్పే ఒక కొత్త స్వరానికి దారి తీసింది. 1962లో లండన్‌లో జిమ్ మార్షల్ దుకాణంలో తయారైన జేటీఎం 45 ఆంప్లిఫయర్‌కు మాతృక ఫెండర్ వాళ్ల బాస్‌మన్. సర్క్యూట్ దాదాపు అదే. కానీ బాస్‌మన్ నడిచేది 2 ఓమ్‌ల మీద, మార్షల్ బాక్సు 16 ఓమ్‌లు. ఎనిమిది రెట్ల ఓమ్‌ల దగ్గర వోల్టేజి సుమారు 2.8 రెట్లు ఉంటుంది. ఔట్‌పుట్‌లో కొంత భాగాన్ని వెనక్కి పంపే 27 కిలో ఓమ్‌ల ఫీడ్‌బ్యాక్ రెసిస్టరును మార్చకుండా, ట్రాన్స్‌ఫార్మరు నుంచి వచ్చే 16 ఓమ్‌ల తీగకు (ట్యాప్‌కు) కట్టడంతో ఫీడ్‌బ్యాక్ ఆ మేరకు పెరిగి, స్వరం తీరే మారింది. ఆ రెసిస్టరు ఏ ట్యాప్‌కు ఉందో చూడకుండా ట్రాన్స్‌ఫార్మరు మార్చేవాళ్లు ఈ స్వరాన్నే పోగొడతారు.

వైరు గురించి వ్యాసంలో మాటే లేదు. గిటార్ నుంచి ఆంప్లిఫయర్‌కు వాడే షీల్డ్ వైరును స్పీకర్‌కు వాడొద్దు, లోపలి తీగ సన్నం, వేడెక్కి తెగుతుంది. ఎలక్ట్రికల్ దుకాణంలో దొరికే 1.5 చదరపు మిల్లీమీటర్ల రెండు కోర్ల వైరు రెండు మీటర్లు, మంచి జాక్‌లు రెండు చాలు. అమెరికా నుంచి పిల్లలు తెచ్చిన ఆంప్లిఫయర్ అయితే అది 117 లేదా 120 వోల్టులది, మన 230కి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు ఉండాల్సిందే. 100 వాట్ల హెడ్‌కు 500 వీఏ సామర్థ్యానికి తగ్గనిది తీసుకోండి. మన 50 హెర్ట్జ్‌కు దాని సొంత ట్రాన్స్‌ఫార్మరు కాస్త ఎక్కువ వేడెక్కుతుంది, వెనకవైపు గాలి ఆడనివ్వండి.

ఇట్లు,
వాల్వు ఆంప్లిఫయర్లు బాగుచేసే ఒక పాఠకుడు,
విజయవాడ