చిన్నాన్న కోసం వచ్చినవాళ్లందరికీ

మా చిన్నాన్న పెద్దకార్యం కూడా అయిపోయింది. ఈ హడావిడిలో ఎవరికీ సరిగ్గా ఒక్క మాట చెప్పలేకపోయాం. ఫోన్లు ఎత్తలేదు, మెసేజ్‌లు చూసి ఊరుకున్నాం. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఎవరి పేర్లూ పెట్టడం లేదు. కొందరు వద్దన్నారు, చాలామంది పేర్లు మాకు తెలియనే తెలియవు.

ముందు రక్తం సంగతి. చిన్నాన్నది బి నెగెటివ్. నెగెటివ్ గ్రూపులే మన దగ్గర తక్కువ. ఎముకల్లో మజ్జ రక్తం తయారుచేయడం తగ్గించేసరికి ఆయనకు తరచూ ఎక్కించాల్సి వచ్చింది. ఒకసారి ఇచ్చిన మనిషి మళ్లీ మూడు నెలలదాకా ఇవ్వకూడదు. అంటే ప్రతిసారీ కొత్తవాళ్లను వెతకాలి. మా చుట్టాల్లో ఆ గ్రూపువాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది కూడా లేరు. మాకు ఒకటే టెన్షన్. అలాంటప్పుడు ఆయనతో ఆదివారాలు కొండలెక్కేవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో విషయం పెట్టారు.

గాజువాక నుంచి వచ్చారు, భీమిలి నుంచి వచ్చారు. ఒకబ్బాయి విజయనగరం నుంచి బైక్ మీద వచ్చాడు. ఒకాయన నైట్ డ్యూటీ దిగి నేరుగా వస్తే, నిద్రలేకుండా ఇవ్వకూడదని వెనక్కి పంపారు. పడుకుని లేచి సాయంత్రానికి మళ్లీ వచ్చారు. "మా చిన్నాన్న మీకెలా తెలుసండీ?" అని అడిగితే ఎవరూ ఆఫీసు పేరో కాలేజీ పేరో చెప్పలేదు. ఒకరు ఎర్రమట్టి దిబ్బల దగ్గరన్నారు, ఒకరు తొట్లకొండ మీదన్నారు. కిరండూల్ పాసింజర్‌లో ఎదురు సీట్లో కూర్చుని అరకు దాకా కబుర్లు చెప్పుకున్న పరిచయంతో వచ్చిన ఆవిడ కూడా ఉన్నారు.

ఆయన గురించి తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. ఆంధ్రా యూనివర్సిటీలో జియాలజీ ఎమ్మెస్సీ, తర్వాత అక్కడే పీహెచ్‌డీ. ఉద్యోగమంతా రాళ్ల వెంట తిరగడమే. రిటైరయ్యాక మధురవాడలో మా పక్కిల్లు కొనుక్కున్నారు. రెండిళ్లకీ మధ్య ఉన్న ప్రహరీగోడలో ఒక గేటు పెట్టించి, దానికి తాళం వెయ్యనివ్వలేదు. పొద్దున్నే మా వంటింట్లోకి వచ్చి కాఫీ అడిగేవారు, తాగేలోపు ఆ వేళ ఎటు నడుస్తున్నామో చెప్పేసేవారు. మనం వస్తామా రామా అని అడగడం ఆయనకు అలవాటు లేదు.

ఉన్నమాట చెప్పాలంటే ఆయనతో నడవడం సుఖమేమీ కాదు. పది అడుగులకోసారి ఆగుతారు. భీమిలి ఒడ్డున ఇసుకలో ఎర్ర చారలు కనిపిస్తే వంగి దోసిట్లోకి తీసుకుని, ఇవి గార్నెట్లు, మన కొండల్లోవే, వానలకు కొట్టుకొచ్చాయని చెప్పేదాకా కదలరు. కైలాసగిరి రాయినీ కోణార్క గుడి రాయినీ ఒకే పేరుతో ఖొండలైట్ అంటారని నేను ఏ క్లాసులోనూ వినలేదు. ఆయన దగ్గరే విన్నాను, అదీ ఎర్రటి ఎండలో. ఎర్రమట్టి దిబ్బల మీద పిల్లలు జారుతుంటే మాత్రం గొంతు పెరిగేది. సముద్రం బాగా వెనక్కి తగ్గి ఉన్న కాలంలో గాలి ఎత్తిపోసిన ఇసుక అది, అందులోని ఇనుము తుప్పుపట్టి వేల ఏళ్లకు ఎర్రబారింది, మీరు ఒక్క పూటలో కిందికి దించేస్తారా అని కేకలేసేవారు. కేకలయ్యాక అదే పిల్లల్ని పిలిచి జీడిపప్పు పంచేవారు.

బొర్రా గుహల్ని 1807లో జియలాజికల్ సర్వే అధికారి ఒకాయన కనుక్కున్నాడని చాలాచోట్ల రాసి ఉంటుంది. ఆ మాట వింటే చిన్నాన్నకు అరికాలి మంట నెత్తికెక్కేది. "సర్వే పుట్టిందే 1851లో అయితే, 1807లో వచ్చినోడికి జీతం ఎవరిచ్చారమ్మా?" అనేవారు. అక్కడి గైడ్లతో ఈ వాదన ఎన్నిసార్లు పెట్టుకున్నారో. వాళ్లలో ఇద్దరు ఆఖరి చూపుకు వచ్చారు. ఒకతను నా దగ్గర నిలబడి, "సార్ చెప్పాక ఆ సంవత్సరం చెప్పడం మానేశానండీ" అన్నాడు. అంత ఏడుపులోనూ నవ్వొచ్చింది.

ఆయనకు భక్తి అంతంతమాత్రమే. కానీ ఆషాఢ పౌర్ణమి ముందురోజు సింహాచలం గిరి ప్రదక్షిణ మాత్రం మానేవారు కాదు. ముప్పైరెండు కిలోమీటర్లు కొండ చుట్టూ తిరగడానికి మొక్కు ఎందుకు, కాళ్లుంటే చాలదా అనేవారు. నడవలేకపోయిన ఏడాది దారి పక్కన కుర్చీ వేసుకుని మంచినీళ్లు అందించారు. పిన్ని మాత్రం ఆ తిరిగిన పుణ్యమంతా తన ఖాతాలోనే పడిందనేది.

ఆయన పోయిన రోజు సంగతి. చెల్లి అమెరికా నుంచి రావాలి. అప్పటిదాకా ఉంచడానికి ఫ్రీజర్ బాక్స్ తెచ్చింది, కరెంటు పోతే కష్టమని సొంత జనరేటర్ మోసుకొచ్చి పెట్టింది మా వీధివాళ్లే. రెండు పూటలా ఇంటినిండా జనానికి అన్నం, చారు, పెరుగు పక్కిళ్ల నుంచే వచ్చాయి. ఎవరింట్లోంచి ఏ గిన్నె వచ్చిందో ఇంకా తేలలేదు. మా వరండాలో వరసగా పెట్టాం, వచ్చి గుర్తుపట్టి తీసుకెళ్లండి. నెలల తరబడి ఆసుపత్రికి తిప్పిన ఆటో బాబు మీటరు మాట ఎత్తలేదు, బలవంతంగా ఇస్తే సగం తిరిగి పిన్ని చేతిలోనే పెట్టాడు. రాత్రి డ్యూటీ నర్సమ్మలు ఆయన చెప్పే రాళ్ల కథలు ఓపిగ్గా విన్నారు. పాడె మోయడానికి మేం చుట్టాలం ముందుకెళ్తే, కొండలెక్కే పిల్లలు "మాకూ కావాలి" అని వంతులేసుకున్నారు. మీకు థాంక్స్ అంటే చిన్నమాట అని తెలుసు, అయినా అదే చెప్తున్నాను.

ఇక రెండు పనులున్నాయి. మేడ మీద గదినిండా ఆయన ఏరుకొచ్చిన రాళ్లున్నాయి. ప్రతిదానికీ ఎక్కడ, ఎప్పుడు దొరికిందో ఆయన రాసిన చీటీ అంటించి ఉంది. స్కూలుకో కాలేజీ ల్యాబుకో కావాలంటే టీచర్లు వచ్చి చూసుకోవచ్చు. ఇళ్లలో అలంకారానికి మాత్రం ఇవ్వం, అది ఆయన మాటే. ఇంకోటి, రక్తం ఇచ్చినవాళ్ల ఫోన్ నంబర్లన్నీ చెల్లి ఒక నోట్‌బుక్‌లో రాసి ఉంచింది. బి నెగెటివ్ కోసం మాలాగే వెతుక్కునేవాళ్లు అడిగితే ఇవ్వాలని ఉంది. మీకు ఇష్టం లేకపోతే చెప్పండి, మీ నంబరు కొట్టేస్తాం.