పాదాలు కడిగే చోట కెమెరా ఎందుకు?

సంపాదకుల వారికి నమస్కారం.

యేసు సిలువకు ముందు రాత్రి శిష్యుల పాదాలు కడిగిన జ్ఞాపకంగా జరిగే పవిత్ర గురువారం ఆరాధనలో పాదాలు కడుగుతున్న ఫోటో మీ పత్రికలో చూశాను. కడుగుతున్నాయన కెమెరా వైపు చూస్తున్నారు. కడిగించుకుంటున్న పెద్దాయన ముఖం పక్కకు తిప్పుకున్నారు. ఆ పక్కకు తిరిగిన ముఖమే నన్ను వదల్లేదు.

నేను ముప్పై ఒక్క ఏళ్లు నర్సుగా పనిచేశాను. షుగర్ పుండ్లున్న కాళ్లు ఎన్ని కడిగానో లెక్క లేదు. నీళ్ల వేడి ముందు మనమే చూసుకోవాలి, షుగర్ ముదిరిన వాళ్ల పాదాలకు చాలాసార్లు వేడి తెలియదు. వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడవాలి. అంత దగ్గరగా వంగినప్పుడు మనిషి సిగ్గు కూడా మన చేతికి తగులుతుంది. దాన్ని ఫోటో తీయకూడదు.

యోహాను సువార్త 13వ అధ్యాయం నాకు వార్డులోనే అర్థమైంది. ఆ రాత్రి భోజనం దగ్గర కూడా మనలో ఎవరు గొప్ప అని శిష్యులు వాదించుకున్నారని లూకా తన సువార్తలో రాశాడు. యేసు లేచి, పైవస్త్రం తీసి, తువాలు కట్టుకుని పనివాళ్లు చేసే పని చేశాడు. తనను పట్టించబోయే యూదా ఇంకా అక్కడే ఉన్నాడు, అతని పాదాలూ కడిగాడు. తండ్రి సమస్తం తన చేతికి అప్పగించాడని ఎరిగే ఆయన లేచాడని అదే అధ్యాయం చెబుతుంది. అంటే తానెవరో పూర్తిగా తెలిసి వంగాడు. మనం మాత్రం తగ్గింపు అంటే "నేనెంతటిదాన్ని" అంటూ తల దించుకోవడం అనుకుంటాం. ఇంట్లో దెబ్బలు తినే ఆడపిల్లకు "తగ్గించుకో అమ్మా" అని చెప్పేవాళ్లనూ చూశాను. అది తగ్గింపు కాదు, అన్యాయం.

ఆ రాత్రి శిష్యుడు పేతురు యేసుతో "నా పాదాలు ఎన్నడూ కడగవద్దు" అన్నాడు కదా, ఆ మాట నా నోటా వచ్చింది. మోకాలి ఆపరేషన్ అయ్యాక వంగలేని రోజుల్లో మా సంఘంలోని ఒక అమ్మాయి వచ్చింది. అంతకు ముందే క్వయర్ (పాటల బృందం) విషయంలో ఆమెను నలుగురిలో కసిరాను. "వద్దమ్మా, నేనే చూసుకుంటాను" అన్నాను. ఆమె ఏమీ అనకుండా నీళ్లు తెచ్చింది. ఎందరి కాళ్లో కడిగిన నాకు నా కాళ్లు ఇంకొకరి చేతిలో పెట్టడం అంత కష్టమని అప్పటిదాకా తెలియదు. ఏడుపొచ్చింది. క్షమించమని అడిగాను.

మూడు వారాలు రోజూ వచ్చింది. ఆదివారం పాస్టరు గారితో చెప్పిస్తానంటే, "వద్దు ఆంటీ, చెబితే రేపటి నుంచి నేను అందుకోసమే వస్తున్నట్టు నాకే అనిపిస్తుంది" అంది. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న ప్రభువు మాట మీద ఎన్నో ప్రసంగాలు విన్నాను. ఈ ఒక్క మాట విన్నంత స్పష్టంగా ఎప్పుడూ వినలేదు.

సంఘపెద్దలను ఒకటే అడుగుతున్నాను. పరిచర్య చేసేటప్పుడు ఫోన్లు బయట పెట్టి రండి. సాయం అందుకునేవారి ముఖం వారిది, మన సాక్ష్యానికి ఆధారం కాదు. సంపాదకులైన మీకూ ఒక మనవి. వచ్చే ఏడాది ఆ ఫోటో వేయక తప్పదనుకుంటే నీళ్ల పళ్లెం, తువాలు వేయండి, చాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత నర్సు