రీడో కాలువ మీద మాకు చెయ్యందించిన వాళ్లందరికీ

అందరికీ నమస్కారం. కెనడాలో కింగ్‌స్టన్ నుంచి రీడో కాలువ మీద బయల్దేరిన మా పడవ క్షేమంగా ఒట్టావా పక్కనున్న మనాటిక్ చేరింది, దాంతోపాటు మేమూ చేరాం. మధ్యలో ఇంజన్ ఆగిపోయిందని తెలిసి ఫోన్లు చేసినవాళ్లు, మెసేజీలు పెట్టినవాళ్లు, “హాయిగా ట్రెయిలర్ మీద తెచ్చుకోక ఎందుకొచ్చిన తిప్పలు” అని చీవాట్లు పెట్టినవాళ్లు, మీ అందరికీ కృతజ్ఞతలు. చీవాట్లు పెట్టినవాళ్లకి కాస్త తక్కువ.

సంగతి తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. కింగ్‌స్టన్‌లో ఒక పాత క్యాబిన్ బోటు కొన్నాం. రోడ్డు మీదైతే ఒట్టావాకి రెండు గంటల దారి. మా ఆయన ఒప్పుకుంటేగా! కోనసీమలో పుట్టి, లొల్ల లాకులు (కాలువలో పడవల్ని నీళ్లతో ఎత్తి దించే తలుపుల గదులు) చూస్తూ పెరిగిన మనిషి. “ఇంటిదాకా నీళ్లదారి ఉండగా పడవని బండెక్కించడమేంటే?” అన్నారు. ఇద్దరం సెలవు పెట్టాం. బియ్యం, కందిపప్పు, ఆవకాయ సర్దుకుని కింగ్‌స్టన్‌లో పడవెక్కాం.

రీడో కాలువ మొత్తం 202 కిలోమీటర్లు. పేరుకి కాలువేగానీ తవ్వింది తక్కువ. నదులకి అడ్డంగా ఆనకట్టలు కట్టి, రాళ్లమీద దూకే నీళ్లని ముంచేసి, చెరువుకీ చెరువుకీ మధ్య లాకులు పెట్టి కలిపారు. అమెరికాతో జరిగిన 1812 నాటి యుద్ధం తర్వాత బ్రిటిష్ వాళ్లకి ఒక భయం పట్టుకుంది. సెయింట్ లారెన్స్ నది అమెరికా సరిహద్దు వెంబడే పారుతుంది, మళ్లీ యుద్ధమొస్తే సైన్యానికి సరుకు ఎలా చేరుతుందని. అందుకని కర్నల్ జాన్ బై అనే ఇంజనీరు చేత 1826 నుంచి 1832 దాకా దీన్ని కట్టించారు. కూలికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఐర్లండ్ వాళ్లు, ఫ్రెంచి కెనడా వాళ్లు. మలేరియాకీ, ఇతర జబ్బులకీ, ప్రమాదాలకీ వెయ్యిమంది దాకా పోయారంటారు. ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైంది 1847లో, అంటే ఇది పూర్తయిన పదిహేనేళ్లకి. ఈ ముక్క మా ఆయన దారిలో కనపడిన ప్రతివాళ్లకీ చెప్పారు. పాపం, అందరూ ఓపిగ్గా విన్నారు. వాళ్లకీ ఒక దణ్ణం.

ఇక అసలు కృతజ్ఞతలు. ముందు ఈ కాలువని నడిపే ప్రభుత్వ సంస్థ పార్క్స్ కెనడా లాకు సిబ్బందికి. ఇక్కడ చాలా లాకుల తలుపులు ఇప్పటికీ చేత్తోనే తెరుస్తారు. గట్టుమీద ఇనప యంత్రం ఒకటి ఉంటుంది. దాని పిడి పట్టుకుని గుండ్రంగా తిప్పుతుంటే గొలుసు లాగుతుంది, చెక్క తలుపు మూలుగుతూ కదులుతుంది. కింగ్‌స్టన్ మిల్స్ దగ్గర నాలుగు లాకులెక్కాలి. ఒడ్డున నీలం గీత గీసినచోట పడవ ఆపితే లాకు దాటాలని అడిగినట్టు. ఆపాం. వేసవి ఉద్యోగానికొచ్చిన కాలేజీ పిల్ల మమ్మల్ని చూసి, చేస్తున్న పని ఆపి మా దగ్గరికొచ్చింది. లాకు గోడలకి పైనుంచి కిందికి వైరు మోకులు వేలాడుతుంటాయి. “మీ తాడు దాని చుట్టూ తిప్పి చేత్తో పట్టుకోండి, ముడి మాత్రం వెయ్యకండి” అంది. ముడేస్తే నీళ్లు లేచినప్పుడు పడవ లేవదు, తాడు తెగుతుంది, లేకపోతే పడవ ఒరుగుతుంది. ముందు తాడు నాకిచ్చింది, వెనక తాడు ఆయనకి. తూములు ఎత్తగానే అడుగునుంచి నీళ్లు ఉడుకుతున్నట్టు పైకొచ్చాయి, పడవ ముక్కు అటూ ఇటూ తన్నుకుంది. ఆ పిల్ల గట్టు మీదే నాతోపాటు నడుస్తూ “బిగించండి, వదలండి, బిగించండి” అంటూ నాలుగు లాకులూ ఎక్కించింది. తర్వాత తెలిసింది, పై లాకువాళ్లకి ఫోన్ చేసి కొత్తవాళ్లొస్తున్నారు, తొందరపెట్టకండి అని కూడా చెప్పిందట. ఆ పై లాకులో తలుపులు తీసి పెట్టుకుని, చెయ్యూపుతూ నిలబడి ఉన్నారు. వాళ్ల ఆఫీసుకి విడిగా ఉత్తరం రాశాం. అయినా ఇక్కడా చెప్పాలనిపించింది.

జోన్స్ ఫాల్స్ దగ్గర ఒక రాత్రి ఉన్నాం. పర్మిట్ తీసుకుంటే లాకుల దగ్గరే పడవ కట్టుకుని పడుకోనిస్తారు. అక్కడ రాతి ఆనకట్ట ఒకటుంది, విల్లులా వంగి, సుమారు 60 అడుగుల ఎత్తు. కట్టిన రోజుల్లో ఉత్తర అమెరికాలో అంత ఎత్తైనది లేదట. సిమెంటు డ్యాములు చూసిన కళ్లకి ఆ రాతిపని చూస్తే మాట రాలేదు. మా పక్కన పడవ కట్టుకున్న పెద్దమనిషి ఒకాయన మా మ్యాపు అడిగి తీసుకుని, ఎర్ర బోయాలు (నీళ్లమీద తేలుతూ దారి చూపే గుర్తులు) కుడిచేతి వైపు నుంచి ఎడమచేతి వైపుకి మారే చోట పెన్నుతో పెద్ద గీత గీశారు. ఎగువకి ఎక్కినంతసేపూ ఎర్రవి కుడివైపు, శిఖరం, అంటే కాలువలో అన్నిటికన్నా ఎత్తైన చోటు, దాటి దిగేటప్పుడు ఎడమవైపు. పుస్తకంలో అదే ఉంటుంది, కానీ ఎండలో చుక్కాని దగ్గర పుస్తకం ఎవరు తీస్తారు? ఆ గీత మమ్మల్ని రాళ్లెక్కకుండా కాపాడింది. ఆయన పేరు అడిగేలోపే తెల్లవారుజామున వెళ్లిపోయారు.

న్యూబరో లాకు ఎక్కితే శిఖరం. కింగ్‌స్టన్ దగ్గరి ఒంటారియో సరస్సు కంటే సుమారు 50 మీటర్లు పైన ఉన్నాం. అక్కణ్నించి ఒట్టావా వైపు దిగడమే. నారోస్ అనే చిన్న లాకు దిగి బిగ్ రీడో చెరువులో పడ్డాం. చెరువంటే మన ఊరి చెరువు కాదు, 30 కిలోమీటర్ల పొడవుంటుంది. కొన్నిచోట్ల లోతు 300 అడుగుల పైనే. గాలి ఎదురొస్తోంది. ఉన్నట్టుండి వేడి ముల్లు ఎర్రగీత దాటింది, అలారం మోగింది, మా ఆయన ఇంజన్ ఆపేశారు.

కారణం నాచు. ఈ చెరువుల్లో తీగలాంటి నాచు ఒకటి విపరీతంగా పెరుగుతోంది. మన కాలువల్లో గుర్రపుడెక్క చేసే పనే ఇక్కడ ఇది చేస్తోంది. పడవ ఇంజన్ చెరువు నీళ్లని లోపలికి లాక్కుని చల్లబడుతుంది. నాచు జాలీకి అడ్డంపడి నీళ్లు రాక, పంపులో ఉండే రబ్బరు చక్రం ఒట్టిదే తిరిగి రెక్కలు ఊడిపోయాయి. జాలీ కడగ్గలం, రెక్కలెక్కడ తెస్తాం? లంగరు వేస్తే తాడు చాల్లేదు. గాలికి పడవ మెల్లగా ఒక రాళ్ల దీవి వైపు జరుగుతోంది. నాకు నోట్లో తడి ఆరిపోయింది. గోదావరి మీద గాలివానలు చూసిన మా ఆయన మాత్రం తెడ్డు తీసి దీవి వైపు నిలబడ్డారు, పడవ రాతికి తగిలితే ఆనించి నెట్టడానికి.

అప్పుడొచ్చారు వాళ్లిద్దరూ. ఒడ్డున కాటేజీలో ఉండే ముసలి దంపతులు. వరండాలోంచి చూశారట, పడవ నడుస్తున్నట్టు లేదు, కొట్టుకుపోతున్నట్టుందని. వాళ్ల పాంటూన్ పడవ (తేలే గొట్టాల మీద బల్లపరుపు అరుగున్న పడవ) వేసుకొచ్చారు. నడుపుతున్నది ఆవిడ. ఎనభైకి దగ్గర్లో ఉంటుంది. ఆయన చేతులు వణుకుతున్నాయిగానీ, విసిరిన తాడు సరిగ్గా నా కాళ్ల దగ్గర పడింది. ఆవిడ వెనక్కి తిరిగి మమ్మల్ని చూస్తూ, తాడు ఒక్క కుదుపు లేకుండా బిగుసుకునేట్టు నెమ్మదిగా లాగింది. నేను ఇరవయ్యేళ్లుగా కారు నడుపుతున్నాను, అంత నిదానం నాకు రాలేదు.

వాళ్ల రేవులోనే పడవ కట్టించారు. ఆ రోజు శనివారం, మేం నీచు తినం. మొహమాటపడుతూ చెప్తే ఆవిడ నవ్వేసి పొయ్యిమీద మాంసం తీసి పక్కన పెట్టి, మొక్కజొన్న కండెలు కాల్చింది. మా కందిపప్పుతో, వాళ్ల తోట టమాటాలతో నేను పప్పుచారు పెట్టాను. ఆయన గిన్నెలో పోసుకుని సూపులా తాగేశారు. తర్వాత ఆవకాయ నాలిక్కి రాసుకుని కాసేపు మాట్లాడలేదు. డబ్బు మాట ఎత్తితే ఆవిడకి కోపమొచ్చింది. వాళ్లకి తెలుగు రాదు, ఇంగ్లీషులో రాసిన ఉత్తరం, ఇంకో ఆవకాయ సీసా ఇచ్చొచ్చాం.

ఇక ఆ రబ్బరు చక్రం. దగ్గర్లోని మెరీనాలో (పడవల రేవు) ఆ సైజు లేదు, తెప్పిస్తే నాలుగు రోజులన్నారు. మా ఆయన ఈ గుంపులో రాత్రి పదింటికి ఫొటో పెట్టారు, మీలో చాలామంది చూసే ఉంటారు. ఒట్టావా శివార్లలోని బార్‌హేవెన్‌లో ఉండే తమ్ముడు ఒకడు (పేరు రాస్తే ఊరుకోనన్నాడు, రాయట్లేదు) పొద్దున్నే కొట్టుకి వెళ్లి, పాత చక్రం ఫొటో చూపించి, రెక్కలు లెక్కపెట్టించి, సరైంది కొనుక్కుని కారేసుకుని వచ్చేశాడు. మేం ఇదివరకు ఒక్క సంక్రాంతి భోజనాల్లో కలిశాం, అంతే. భార్య చేసిచ్చిన పులిహోర కూడా తెచ్చాడు. చిన్నమ్మాయీ, నీ పులిహోరలో ఇంగువ పాళ్లు ఎలా వేశావో నాకు మెసేజి పెట్టు. చక్రం బిగించిన మెరీనా కుర్రాడు ఆదివారం పూట అరగంట పనికి వచ్చి, జాలీ ఎలా విప్పాలో, ఎన్ని గంటలకోసారి చూసుకోవాలో మా ఆయన చేతే చేయించి నేర్పాడు. పాత చక్రాన్ని పారెయ్యకుండా మా ఆయన దాచుకున్నారు. ఎందుకో నేనడగలేదు.

ఆ తర్వాత దారంతా సుఖంగా సాగింది. చెరువు దాటాక పూనమలీ అనే లాకొస్తుంది. మన చెన్నై పక్కనున్న పూనమల్లి పేరేనట! స్మిత్స్ ఫాల్స్‌లో మూడు పాత లాకుల బదులు ఒకే పెద్ద లాకు కట్టారు, అది కరెంటు మీద నడుస్తుంది, మోజు లేదు. కాలువ తవ్వినచోట గంటకి 10 కిలోమీటర్లు మించకూడదు. గట్టుమీద సైకిళ్లు మమ్మల్ని దాటి పోతుంటే టీ తాగుతూ చూశాం. బరిట్స్ ర్యాపిడ్స్ దిగాక మనాటిక్ దాకా 40 కిలోమీటర్ల దూరం ఒక్క లాకూ లేదు, ఆ నీళ్ల మీద మా ఆయన నాకు చుక్కాని ఇచ్చి కునుకు తీశారు. ఒట్టావాలో పార్లమెంటు పక్కన మెట్లలా దిగే ఎనిమిది లాకులూ వచ్చే ఏడాదికి.

మేం లేని రోజుల్లో మా తులసికీ మిరప మొక్కలకీ నీళ్లుపోసిన పక్కింటి పంజాబీ వాళ్లకి కూడా థాంక్స్. కాయలు మీరే కోసుకున్నారని తెలుసు, పరవాలేదు.

ఒక్క బాకీ మిగిలింది. మెరిక్‌విల్ లాకుల దగ్గర గాలికి పడవ అడ్డం తిరిగినప్పుడు గట్టుమీద ఫొటోలు తీసుకుంటున్న ఒక కుర్ర జంట పరుగెత్తుకొచ్చి మా తాడు అందుకున్నారు. “ఆంటీ, ఇటు విసరండి” అని తెలుగులో అరిచేసరికి నాకు సగం ధైర్యం వచ్చింది. మూడు లాకులూ మాతో నడిచారు. తలుపులు తెరుచుకున్న హడావుడిలో ఒక స్టీలు గిన్నె నా చేతిలో పెట్టి, “మిరపకాయ బజ్జీలు, వేడిగా ఉన్నాయి” అన్నారు. మేం ముందుకు పోయాం, వాళ్లు ఉండిపోయారు. ఫోన్ నంబర్ లేదు. అబ్బాయి పసుపు టోపీ పెట్టుకున్నాడు, అమ్మాయిది కాకినాడ యాస. గిన్నె తోమి పెట్టాను. మూత మీద అమ్మమ్మల కాలంలోలా పేరు కొట్టించి ఉంది. ఆ పేరు నేనిక్కడ రాయను. మెసేజి పెట్టి పేరు చెప్పినవాళ్లదే గిన్నె. ఊరికే ఖాళీ గిన్నె ఇవ్వనులెండి, ఆదివారం భోజనానికి రండి.