12 వోల్టులని రాసి 17 వోల్టులిచ్చిన మీ అడాప్టర్ గురించి

హన్మకొండ

వినియోగదారుల ఫిర్యాదుల విభాగం వారికి,

విషయం: ‘రెగ్యులేటెడ్ డీసీ, 1000 మిల్లీ ఆంపియర్లు’ (అంటే వోల్టేజీ నిలకడగా ఉండి 1 ఆంపియర్ దాకా ఇచ్చేది) అని రాసి మీరు అమ్మిన ఆరు వోల్టేజీల అడాప్టర్ ఆ రెండూ ఇవ్వకపోవడం, దాని వల్ల పిల్ల ముఖం ముందే కండెన్సర్ (ఛార్జి నిలవ చేసే కెపాసిటర్) పేలడం.

అయ్యా,

నేను హన్మకొండ చౌరస్తా దగ్గర 31 ఏండ్లు రేడియో, టీవీ రిపేరు షాపు నడిపినవాణ్ని. చూపు తగ్గినాక షాపు తీసేసి, ఆదివారం పూట మా ఇంటి వరండాలో హైస్కూలు పిల్లలకు సోల్డరింగు, మీటరు పట్టడం, చిన్న సర్క్యూట్లు కట్టడం నేర్పుతున్నాను. ఫీజు ఏమీ లేదు. ఆ పిల్లల తరఫున ఈ ఉత్తరం రాస్తున్నాను.

హసన్‌పర్తి వైపు నుంచి బస్సులో వచ్చే ముగ్గురు తొమ్మిదో తరగతి పిల్లలు స్కూలు సైన్స్ ప్రదర్శన కోసం ఒక యంత్రం తయారు చేశారు. మిర్చి నారుమడిలో మట్టి తడి ఆరితే అదే పసిగట్టి మోటారు వేస్తుంది, తడి చాలినాక ఆపేస్తుంది. అందులో ఉన్నది 12 వోల్టుల చిన్న పంపు, పంపును వేసి ఆపే స్విచ్చి లాంటి ఒక రిలే, ప్రోగ్రాం నడిపే ఒక ఆర్డుయినో నానో బోర్డు, దానికి 5 వోల్టులు ఇచ్చే 7805 ఐసీ. పంపు తిరిగేటప్పుడు 350 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది, మిగతాదంతా కలిపినా 150 దాటదు. అంటే అర ఆంపియర్ పని. మోటారు మొదలయ్యే క్షణంలో దాదాపు రెట్టింపు లాగుతుంది కాబట్టి 1 ఆంపియర్ అడాప్టర్ తీసుకొమ్మని నేనే చెప్పాను. ముగ్గురూ పైసలు జమ చేసుకొని దుకాణంలో 449 రూపాయలు పెట్టి మీ అడాప్టర్ కొన్నారు. బిల్లు నకలు ఈ ఉత్తరంతో పంపుతున్నాను.

అడాప్టర్ కొనేటప్పుడు చూడవలసినవి మూడే అని మా పిల్లలకు మొదటి వారమే చెప్తాను. వోల్టులు సర్క్యూట్‌కు కావలసినన్నే ఉండాలి. ఆంపియర్లు కావలసినన్ని గాని అంతకంటే ఎక్కువ గాని ఉండాలి, తక్కువ ఉండకూడదు. పిన్ను నడిమి భాగం ప్లస్సో మైనస్సో డబ్బా మీద ఉన్న గుర్తులో చూసుకోవాలి. పిన్ను కొలత కూడా చూడమంటాను, ఎందుకంటే బయట 5.5 మిల్లీమీటర్లే ఉన్నా లోపలి రంధ్రం 2.1 ఉండేవీ 2.5 ఉండేవీ ఉంటాయి, 2.1 చోట 2.5ది పెడితే వదులుగా కూచొని నిప్పురవ్వలు లేస్తాయి, 2.5 చోట 2.1ది అసలు దూరదు. పిల్లలు ఇవన్నీ మీ డబ్బా మీద చదివి, నోటుబుక్కులో రాసుకొని, సరిపోయినాయని నిర్ధారించుకున్నాకే కొన్నారు. వాళ్లు చేయవలసిన పని వాళ్లు చేశారు.

ఇంటికి పోయి కలిపితే పంపు తిరగలేదు. రిలే టకటకా కొట్టుకోవడం మొదలుపెట్టింది, క్షణానికి రెండు మూడు సార్లు. ప్రోగ్రాంలోనే తప్పుందనుకొని నాలుగు రాత్రులు కూచొని మళ్లీ మళ్లీ రాశారు. అందులో తప్పేం లేదు. ఆదివారం మా ఇంటికి తెచ్చారు. పంపు తీగలు విప్పేసి ఒక్క బోర్డుకే కరెంటు ఇచ్చి చూద్దామన్నాను. పది నిమిషాలు గడిచినాయో లేదో, ముగ్గురిలో ఒక అమ్మాయి టంకం సరిగ్గా పట్టిందా అని బోర్డు మీదికి వంగి చూస్తుండగా ఇన్‌పుట్ దగ్గర ఉన్న కండెన్సర్ టప్పుమని పేలింది. తల మీద అల్యూమినియం పువ్వులా విచ్చుకొని, లోపలి ద్రవం ఆవిరితో పాటు చిమ్మింది. చుక్కలు ఆమె కళ్లద్దాల మీద పడ్డాయి. అద్దాలు లేకుంటే కండ్లల్లో పడేవి. అద్దం తుడిచి చూపించమంటే ఆ పిల్ల చేతులు వణికినాయి. ఈ ఉత్తరం రాస్తుంటే ఇప్పటికీ నాకు అదే కనబడుతున్నది.

ఆ కండెన్సర్ 16 వోల్టులది. 12 వోల్టుల లైనులో నేనైతే 25 వోల్టులదే వేయిస్తాను, ఆ రోజు దొరకలేదు. అయినా నిజంగా 12 వోల్టులే వస్తే 16ది ఏండ్ల తరబడి నడుస్తుంది. అందుకే అప్పుడు మీటరు పెట్టాను. స్విచ్చి 12 దగ్గర ఉంది, ఏ బరువూ (కరెంటు లాగేది ఏదీ) లేదు, మీటరు 17.4 చూపించింది. 9 దగ్గర పెడితే 12.8. 6 దగ్గర పెడితే 8.1. అడాప్టర్‌ను ముందే మీటరుతో చూడకపోవడం నా పొరపాటే, ఒప్పుకుంటున్నాను. కాని డబ్బా మీద ‘రెగ్యులేటెడ్’ అని పెద్ద అక్షరాల్లో ఉంటే ఇంట్లో మీటరు లేని పిల్లలు దేన్ని నమ్మాలి?

తర్వాత బరువు పెట్టి చూశాను. 12 ఓంలు, 10 వాట్ల రెసిస్టర్లు రెండు వరుసగా కలిపితే వోల్టేజీ 11.6కు దిగింది, కరెంటు అర ఆంపియర్‌కు కొద్దిగా తక్కువ. ఒక్కటే పెడితే 8.7 వోల్టులు, 0.72 ఆంపియర్లు. మీరు రాసిన 1 ఆంపియర్ దరిదాపుల్లోకి కూడా రాకముందే వోల్టేజీ పడిపోతున్నది. ఇరవై నిమిషాలకు అడాప్టర్ మీద చెయ్యి ఆనలేదు. రిలే ఎందుకు కొట్టుకున్నదో అప్పుడు తేలిపోయింది. పంపు మొదలుకాగానే వోల్టేజీ 7 కంటే కిందికి కూలుతుంది. 7805కు తాను ఇచ్చే 5 మీద కనీసం 2 వోల్టులు ఎక్కువ అందకపోతే పని చేయదు. నానో ఆగిపోతుంది, రిలే వదిలేస్తుంది, పంపు ఆగుతుంది, వోల్టేజీ మళ్లీ ఎగుస్తుంది, నానో లేస్తుంది, మళ్లీ పంపు. నాలుగు రాత్రులు ఆ పిల్లలు వెతికిన తప్పు మీ డబ్బాలో ఉంది.

స్క్రూలు తీసి లోపల చూశాను. రెండు అగ్గిపెట్టెలు కలిపినంత ట్రాన్స్‌ఫార్మర్, కరెంటును ఒక వైపే పోనిచ్చే 1ఎన్4007 డయోడ్లు నాలుగు, 1000 మైక్రోఫారడ్ల కండెన్సర్ ఒకటి. అంతే. వోల్టేజీని నిలకడగా ఉంచే రెగ్యులేటర్ ఐసీ లేదు, ఆ పని చేసే జీనర్ డయోడ్ కూడా లేదు. ట్రాన్స్‌ఫార్మర్ బరువు లేనప్పుడు 13.3 వోల్టుల ఏసీ ఇస్తున్నది. దాన్ని డయోడ్లతో డీసీ చేస్తే కండెన్సర్ దాని శిఖరం దాకా, అంటే 1.414 రెట్ల దాకా ఎక్కుతుంది. రెండు డయోడ్ల దగ్గర పోయేది తీసేస్తే మిగిలేది సరిగ్గా మీటరు చూపిన 17.4. ఇది తెలియకుండా ఎవరూ అడాప్టర్ చేయలేరు. పైగా ఆ లోపలి కండెన్సర్ కూడా 16 వోల్టులదే, కొన్న వారానికే తల ఉబ్బి ఉంది. రెగ్యులేటర్ లేని అడాప్టర్ అమ్మడం నేరం కాదు. పాత రోజుల్లో మేము అమ్మినవన్నీ అవే, టేపు రికార్డర్లకు బాగానే నడిచాయి. అలాంటిదని డబ్బా మీద రాయకపోవడం, ఉన్నదానికి ఉల్టా రాయడం తప్పు.

పిన్ను సంగతి కూడా చెప్పాలి. మీ డబ్బా మీద నడిమి భాగం ప్లస్ అని బొమ్మ ఉంది. ప్లస్ గుర్తుకు ఎదురుగా పిన్ను గుచ్చితే నడుమ మైనస్ వచ్చింది. ఇన్‌పుట్‌లో వరుసగా ఒక డయోడ్ పెట్టుకొమ్మని నేను ముందే చెప్పి ఉండడం వల్ల బోర్డు బతికింది, పిన్ను తిప్పి గుచ్చినాకే దానికి కరెంటు అందింది. వోల్టులు, ఆంపియర్లు, పిన్ను గుర్తు, నేను చూడమన్న మూడూ మీ డబ్బా మీద అబద్ధమే.

మీ కస్టమర్ కేర్‌కు రెండు సార్లు ఫోను చేశాను. ‘ఆంపియర్లు ఎక్కువున్న అడాప్టర్ పెట్టినందుకే మీ సర్క్యూట్ కాలింది, స్విచ్చి 9 మీద పెట్టుకోండి, డబ్బా తెరిచారు కాబట్టి వారంటీ లేదు’ అని జవాబు వచ్చింది. డబ్బాలో పెట్టిన మీ సూచనల కాగితంలో కూడా ఇదే ఉంది, సర్క్యూట్ ఎన్ని ఆంపియర్లదో సరిగ్గా అన్నే ఉండాలని, ఎక్కువైతే కాలుతుందని. ఇది నాకు పేలిన కండెన్సర్ కంటే ఎక్కువ బాధ కలిగించింది. ఊరి వాటర్ ట్యాంకు ఎంత పెద్దదైనా ఇంట్లో నల్లా తిప్పినంతే నీళ్లు వస్తాయి. ట్యాంకును ఎత్తు మీద పెడితేనే పైపుల మీద ఒత్తిడి పెరిగి పగులుతాయి. వోల్టులు ఆ ఎత్తు, ఆంపియర్లు ట్యాంకు సత్తా. 12 వోల్టుల 5 ఆంపియర్ల అడాప్టర్‌కు ఈ పిల్లల యంత్రం తగిలిస్తే అది తీసుకునేది అర ఆంపియరే. మీ కాగితం చదివిన పిల్లవాడు అవసరం కంటే చిన్న అడాప్టర్ కొని, అది కాగి, ప్లాస్టిక్ కరిగే దాకా నడుపుతాడు. వేల ఇండ్లకు పోయే కాగితంలో తప్పు రాసే హక్కు ఎవరికీ లేదు.

ఇంకొకటి. డబ్బా మీద ఇది రౌటర్లకూ మోడెంలకూ పనికొస్తుందని రాశారు. ఐటీ పరికరాల పవర్ అడాప్టర్లకు కేంద్ర ప్రభుత్వ ఆదేశం ప్రకారం బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) దగ్గర నిర్బంధ రిజిస్ట్రేషన్ ఉంది. రిజిస్టరైన వస్తువు మీద బీఐఎస్ గుర్తు, ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే ఎనిమిది అంకెల నంబరు ఉంటాయి, ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో ఎవరైనా సరిచూసుకోవచ్చు. మీ అడాప్టర్ మీద గాని డబ్బా మీద గాని అది లేదు. ఎందుకు లేదో రాతపూర్వకంగా చెప్పండి.

అడాప్టర్ ధర 449 రూపాయలు ఆ పిల్లలకు తిరిగి ఇవ్వండి. కండెన్సర్ ఐదు రూపాయలది, దానికి లెక్క వద్దు. ప్రదర్శన రోజు వాళ్ల యంత్రం పక్కన నడవని పంపు పెట్టుకొని నిలబడ్డారు, దానికి మీరు ఇవ్వగలిగింది ఏమీ లేదు. నేను గట్టిగా అడిగేది వేరే. దుకాణాల్లో ఉన్న ఈ రకం అడాప్టర్లను వెనక్కి తెప్పించండి. లోపల రెగ్యులేటర్ వేసి అమ్మండి, లేదంటే ‘రెగ్యులేటర్ లేదు, బరువు లేనప్పుడు ఇన్ని వోల్టులు వస్తాయి’ అని ఆరు స్థానాలకూ అంకెలు వేసి అమ్మండి. ఆంపియర్లు మీ ట్రాన్స్‌ఫార్మర్ నిజంగా మోయగలిగినన్నే రాయండి. కాగితంలో ఆ తప్పుడు మాట తీసేయండి.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే 1915 హెల్ప్‌లైనులో ఫిర్యాదు నమోదు చేసి, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోతాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 84వ సెక్షన్ ప్రకారం తయారీదారు చెప్పిన హామీకి వస్తువు సరిపోకపోయినా, సరైన వాడకం సూచనలు ఇవ్వకపోయినా బాధ్యత తయారీదారుదే. 5 లక్షల లోపు కేసుకు ఫీజు లేదు, వకీలు అక్కరలేదు. అడాప్టర్, విప్పిన భాగాలు, పేలిన కండెన్సర్, అన్నీ ఒక కవరులో సీలు వేసి నా దగ్గర దాచి ఉంచాను. మీ ఇంజనీరు ఎవరైనా హన్మకొండకు వస్తే మా వరండాలోనే, ఆయన మీటరుతోనే మళ్లీ కొలిచి చూపిస్తాను.

జవాబు తెలుగులో రాయండి. ఆదివారం ఆ ముగ్గురికీ చదివి వినిపించాలి.

ఇట్లు,
ఒక పాత రేడియో, టీవీ మెకానిక్
హన్మకొండ