మా పిల్లల స్కాలర్‌షిప్ కబురు ఎవరు చెబుతారు మంత్రి గారూ?

గౌరవనీయులైన రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది విజయనగరం జిల్లా, చీపురుపల్లి దగ్గర చిన్న పల్లెటూరు. నేను ఇంటి దగ్గరే మిషను కుడతాను. మా ఆయన హైదరాబాదులో సెంట్రింగు పనికి వెళ్తారు, సంక్రాంతికీ అమ్మవారి పండక్కీ వస్తారు. మా పెద్దమ్మాయి జిల్లా పరిషత్ హైస్కూల్లో చదువుతోంది. ఎనిమిదో తరగతిలో ఎన్ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష రాసి నెగ్గింది. తొమ్మిది అయిపోయింది, ఇప్పుడు పదిలోకి వచ్చింది. స్కాలర్‌షిప్ డబ్బు ఒక్క రూపాయి పడలేదు. పడుతుందో పడదో చెప్పినవాళ్లూ లేరు. డబ్బు సంగతి కన్నా ఆ చెప్పేవాళ్లు లేని సంగతే మీతో మాట్లాడాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ పరీక్ష గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. ఇది చదివే తల్లిదండ్రుల్లో తెలియనివాళ్లు చాలామంది ఉంటారు గనక రెండు ముక్కలు రాస్తాను. పేదింటి పిల్లలు ఎనిమిదితో చదువు ఆపేయకుండా కేంద్ర ప్రభుత్వం 2008లో పెట్టిన పథకం ఇది. ప్రభుత్వ, ఎయిడెడ్, స్థానిక సంస్థల బడుల పిల్లలే రాయాలి. ఇంటి ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు దాటకూడదు. తెలివికి 90 ప్రశ్నలు, పాఠాల మీద 90 ప్రశ్నలు, మొత్తం 180 మార్కులు. దేశమంతటికీ ఏటా లక్ష స్కాలర్‌షిప్‌లు. అందులో మన రాష్ట్రం వాటా 4,087. నెగ్గిన పిల్లకి తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది వరకూ సంవత్సరానికి 12,000 రూపాయలు. నెలకి వెయ్యి. అంతకుముందు నెలకి 500 ఉండేది, 2017లో వెయ్యి చేశారు. అప్పటి నుంచీ అదే వెయ్యి.

ఆ 4,087 మందిలో మా అమ్మాయి ఒకతి. ఊరికే రాలేదండీ. వాళ్ల లెక్కల మాస్టారు బడి వదిలాక ఓ గంటన్నర ఉండి ఆరుగురు పిల్లలకి చెప్పేవారు. ఆయనకి ఎవరూ ఒక్క పైసా ఇవ్వలేదు, ఆయన అడగలేదు. ఈ పరీక్షలో అద్దంలో అక్షరం ఎలా కనిపిస్తుంది అనే రకం ప్రశ్నలుంటాయట. నా మిషను పక్కన కొలతలు చూసుకోవడానికి వచ్చేవాళ్ల కోసం చిన్న అద్దం పెడతాను. రాత్రి అన్నాలయ్యాక అది తీసుకెళ్లి పుస్తకం పక్కన నిలబెట్టి, ముందు తన ఊహతో జవాబు రాసుకుని, తర్వాత అద్దంలో చూసి సరిచూసుకునేది. ఒక నెల పోయాక అద్దం తీసుకెళ్లడం మానేసింది. ఏమే అంటే, ‘ఇప్పుడు కళ్లు మూసుకున్నా కనిపిస్తోందమ్మా’ అంది.

ఫలితాలొచ్చిన మర్నాడు ప్రార్థనలో హెడ్మాస్టరు గారు పేరు చదివారు, అందరూ చప్పట్లు కొట్టారు. మా అత్త వీధంతా తిరిగి చెప్పుకొచ్చింది. ఆ సాయంత్రమే అమ్మాయి నోటుబుక్కు వెనక పేజీలో లెక్క రాసుకుంది: కళ్లద్దాలు, ఇంటర్‌కి కావలసిన పుస్తకాలు, చెల్లికి బడి సంచి, మిగిలింది అమ్మకి. మొదటి బెంచీలో కూర్చుంటే తప్ప బోర్డు కనపడదు దానికి. ఆ సంగతి అప్పటిదాకా నాకు చెప్పలేదు.

ఇక అక్కడి నుంచి దరఖాస్తు మొదలైంది. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ముందు ఓటీఆర్ అని ఒక నంబరు తెచ్చుకోవాలి. దానికి ఓటీపీ వస్తుంది. మా ఆధార్‌కి కట్టిన ఫోను మా ఆయన దగ్గర ఉంది, ఆయన హైదరాబాదులో ఎనిమిదో అంతస్తు మీద ఇనుము కడుతున్నారు. పని మీద ఉండగా ఫోను తియ్యనివ్వరు. నేను నెట్ సెంటర్‌లో కూర్చుని ఫోన్ చేస్తాను, ఆయన ఎత్తరు. ఎత్తి నంబరు చదివేసరికి దాని టైము అయిపోతుంది. మూడు రోజులు ఆ నెట్ సెంటర్‌కి తిరిగితే నాలుగో రోజు మధ్యాహ్నం భోజనాల వేళ కుదిరింది. ఆ మూడు రోజుల కుట్టు కూలి పోయింది. అయినా అదేమీ బాధ కాదు. పిల్ల కోసం ఆ మాత్రం తిరుగుతాం.

తర్వాత బడి వాళ్లు చూసి సరేనన్నారు. ఆ పైన జిల్లా స్థాయిలో చూడాలన్నారు. దసరా వెళ్లింది, సంక్రాంతి వచ్చింది. ఎప్పుడు తెరిచి చూసినా ఇంగ్లీషులో ఒకటే వాక్యం. ఫిబ్రవరిలో ఒకరోజు ఆ వాక్యం మారింది. ‘డిఫెక్టివ్’ అని వచ్చింది. అమ్మాయి ఆ మాట చదివి నా వైపు చూసింది. ‘డిఫెక్టివ్ అంటే లోపం ఉన్నదని కదమ్మా? నేనేం తప్పు రాశాను?’ అంది.

తప్పు ఏమిటో చెప్పడానికి ఎవరికీ నెల పట్టలేదు గానీ, ఆ చెప్పేవాళ్లని వెతుక్కోవడానికి మాకు నెల పట్టింది. ఒక ఆఫీసుకి వెళ్తే ఇది మా చేతిలో లేదు, కేంద్రానిది అన్నారు. ఇంకో ఆఫీసుకి వెళ్తే బడిలో అడగమన్నారు. బడిలో మాస్టారు పాపం తన ఫోనులోంచే నలుగురికి చేసి కనుక్కున్నారు. సంగతి ఇదీ: మా అమ్మాయి పేరులో లక్ష్మి ఉంది. ఆధార్‌లో అది ఇంగ్లీషులో ‘కె, ఎస్, హెచ్’ అక్షరాలతో ఉంది. బడి రికార్డులో ‘ఎక్స్’తో ఉంది. తెలుగులో రాస్తే రెండూ ఒకటే పేరండీ. దాన్ని కన్నదాన్ని నేను, పేరు పెట్టినదాన్ని నేను. ఏడాది చదువు కష్టం ఒక ఇంగ్లీషు అక్షరం దగ్గర ఆగిపోయింది.

సరిచేయించాం. అర్జీ పెట్టాం. మా అర్జీ పరిష్కారమైందని ఫోనుకి మెసేజ్ కూడా వచ్చింది. ఏం పరిష్కారమైందో అందులో లేదు. పోర్టల్‌లో చూస్తే దరఖాస్తు ఉన్నచోటే ఉంది. ఇప్పుడు పదో తరగతికి రెన్యువల్ చేయాలంటున్నారు. నిరుటి దరఖాస్తే తేలనప్పుడు రెన్యువల్ దేనికి చేయాలి? చేయకపోతే మిగిలిన మూడేళ్లూ పోతాయా? అడిగితే ఒకరు పోతాయన్నారు, ఇంకొకరు చూద్దాం అన్నారు. నాలుగేళ్లకి కలిపి 48,000 రూపాయలు మంత్రి గారూ. మా ఇంట్లో అది చిన్న మొత్తం కాదు. ఒక జాకెట్టు కుడితే నాకేం మిగులుతుందో, అలాంటివి ఎన్ని కుడితే అంత అవుతుందో మీరే ఆలోచించండి.

మా మండలంలో ఇలా ఎదురుచూస్తున్న తల్లులం ఐదుగురం అయ్యాం. బడి దగ్గరో, సంతలోనో ఎదురైతే మొదటి మాట ‘మీకేమైనా తెలిసిందా?’ అనే. ఒకావిడ ప్రతి నెలా బ్యాంకుకి వెళ్లి పాసుబుక్కు ప్రింటు కొట్టించుకుంటోంది. ఇంటికి వెళ్తే మా అత్త, ‘గుంటకి ఆ డబ్బులు పడ్డాయేటే?’ అని అడుగుతుంది. మొదట్లో రోజూ అడిగేది. అమ్మాయి ముఖం చూసి ఈమధ్య అడగడం మానేసింది.

నేను డ్వాక్రా గ్రూపులో ఉన్నాను. అప్పు తీసుకున్న రోజునే ఎన్ని వాయిదాలు, ఏ తారీకున ఎంత, వడ్డీ ఎంత అన్నీ పుస్తకంలో రాసి ఇస్తారు. తారీకు దాటితే గ్రూపులో వాళ్లే ఇంటికొచ్చి అడుగుతారు. కరెంటు బిల్లు మీద కట్టాల్సిన ఆఖరు తేదీ ఉంటుంది. మేం కట్టాల్సిన ప్రతిదానికీ తేదీ ఉంది. మా పిల్ల కష్టపడి గెలుచుకున్నదానికి మాత్రం తేదీ లేదు, అడిగే మనిషి లేడు. దీన్ని మీరు మార్చగలరని నమ్మే రాస్తున్నాను.

ఎందుకు నమ్ముతున్నానంటే, మన రాష్ట్రంలో ఇంతకన్నా పెద్ద పనులు సవ్యంగా జరుగుతుంటే చూస్తున్నాను గనక. ఒకటో తారీకున మా అత్తకి పింఛను ఇంటి గుమ్మం దగ్గరికి వచ్చి ఇస్తున్నారు. 2025 జూన్‌లో ‘తల్లికి వందనం’ వేసినప్పుడు అర్హుల జాబితా మా సచివాలయంలో పెట్టారు. ఇద్దరు పిల్లలకీ 13,000 చొప్పున నా ఖాతాలో పడింది, ఆ మేలు మరిచిపోను. మన ప్రభుత్వం పెట్టిన ‘మన మిత్ర’ వాట్సాప్‌లో పిల్లల హాల్ టికెట్లు వస్తున్నాయి, పరీక్ష ఫలితాలు వస్తున్నాయి. ఇన్ని చేయగలిగినప్పుడు 4,087 మంది పిల్లల దరఖాస్తు ఏ బల్ల మీద ఉందో చెప్పడం కష్టమా?

డబ్బు కేంద్రం ఇస్తుంది, నిజమే. కానీ పరీక్ష పెట్టేది మన ప్రభుత్వ పరీక్షల విభాగం. దరఖాస్తు మొదట చూసేది మన బడి, తర్వాత చూసేది మన జిల్లా విద్యాశాఖ. ఈ మూడూ మీ శాఖలోవే. ఢిల్లీ దాకా వెళ్లక ముందే ఆగిపోతున్నవాటికైనా మీరు సమాధానం చెప్పించవచ్చు.

ఇంకొక కుర్రాడి సంగతి కూడా చెప్పాలి. మా పక్కూరి అబ్బాయి, ఇంటర్‌లో ఎంపీసీ, మంచి మార్కులు. తండ్రి కౌలు రైతు. ఇంటర్ బోర్డులో తన గ్రూపు వాళ్లందరిలో 80 పర్సంటైల్ పైన, అంటే వందలో ఎనభై మంది కన్నా ముందు ఉండి, ఇంటి ఆదాయం 4.5 లక్షల లోపున్న పిల్లలకి డిగ్రీలో ఏడాదికి 12,000 ఇచ్చే కేంద్ర స్కాలర్‌షిప్ ఒకటి ఉంది. దేశం మొత్తం మీద ఏటా 82,000 మందికి కొత్తగా ఇస్తారు, సగం ఆడపిల్లలకి. ఆ అబ్బాయికి అలాంటిది ఒకటి ఉందనే తెలియదు. తెలిసేసరికి గడువు దాటి మూడు వారాలైంది. ఇది ఒక్క కుర్రాడికే జరిగిందనుకోను. మార్కుల మెమో చేతికిచ్చే రోజునే, నీకు ఈ స్కాలర్‌షిప్‌కి అర్హత ఉంది, ఫలానా తేదీ లోపు దరఖాస్తు పెట్టుకో అని ఒక కాగితం కూడా ఇస్తే అతని మూడేళ్ల డబ్బు పోయేది కాదు.

మా ప్రాంతానికి ఈ విషయంలో ఒక పాత కథ ఉంది. గురజాడ అప్పారావు గారు చిన్నప్పుడు మా చీపురుపల్లిలోనే చదివారు. తర్వాత విజయనగరంలో చదివే రోజుల్లో మహారాజా కళాశాల ప్రిన్సిపాల్ చంద్రశేఖర శాస్త్రి గారు ఆయనకి తిండీ వసతీ ఇచ్చి ఆదుకున్నారు. తెలివైన కుర్రాడు, చేతిలో డబ్బు లేదు అని ఒక పెద్దాయనకి తెలిసింది, చూసుకున్నారు. దరఖాస్తు లేదు, పోర్టల్ లేదు. ఈ రోజుల్లో అలా ఒక్క మనిషి మీద ఆధారపడటం కుదరదు, అందుకే పథకాలు పెట్టారు, మంచిదే. కానీ ఆ పిల్లాడెవరో తెలిసిన ఒక మనిషి ఉండటం అప్పుడెంత అవసరమో ఇప్పుడూ అంతే అవసరం. విజయనగరంలో ఆయనతో కలిసి చదువుకున్న గిడుగు రామమూర్తి గారు పుట్టింది మా పక్కనే, శ్రీకాకుళం జిల్లా శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో. జనం మాట్లాడే తెలుగులోనే జనానికి చదువు చెప్పాలని జీవితమంతా పోరాడిన మనిషి. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా చేస్తున్నారు. ఈ జిల్లాల్లో పుట్టిన పిల్లకి తన దరఖాస్తు ఏమైందో తెలుగులో ఒక్క వాక్యం రాకపోతే ఎలా?

నేను అడిగేవి పెద్దవేమీ కావు. ప్రతి హైస్కూల్లో నోటీసు బోర్డు మీద ఎన్ఎంఎంఎస్‌లో నెగ్గిన పిల్లల పేర్లు, ఎవరి దరఖాస్తు ఎక్కడ ఉంది, ఆగితే ఎందుకు ఆగింది, నెలకోసారి తెలుగులో రాయించండి. అదే ‘మన మిత్ర’లోనూ పెట్టించండి, ఫోను హైదరాబాదులో ఉన్న తండ్రికి కూడా తెలుస్తుంది. మండలానికి ఇద్దరు ఎంఈఓలు, అంటే మండల విద్యాశాఖ అధికారులు ఉన్నారు, వాళ్లలో ఒకరిని ఈ పనికి బాధ్యులుగా పెట్టి, వాళ్ల ఫోను నంబరు బడి గోడ మీద రాయించండి. పేరులో అక్షరం తేడాలుంటే పరీక్షకి దరఖాస్తు పెట్టే రోజునే ఆధార్‌తో పోల్చి సరిచేయించండి. అప్పుడు చేస్తే పది నిమిషాల పని. ఇప్పుడు ఏడాది పట్టింది. పిల్లల తప్పు లేకుండా మొదటి ఏడాది పోగొట్టుకున్నవాళ్ల జాబితా జిల్లాల వారీగా తీయించి, వాళ్లకి ఇంకో అవకాశం ఇమ్మని మీరు కేంద్రానికి రాయండి. ఒక తల్లి రాస్తే ఎక్కడో ఆగుతుంది, మీరు రాస్తే చేరుతుంది.

రాదని తేలితే రాదనే చెప్పండి. ఆ మాటా తట్టుకుంటాం. మా ఆయన ఇంకో రెండు నెలలు ఓవర్‌టైము చేస్తారు, నేను పెళ్లిళ్ల సీజనులో రాత్రిళ్లు కుడతాను, కళ్లద్దాలు కొనిస్తాం. కానీ తెలియకుండా ఉంటే ఏదీ చేయలేకపోతున్నాం. వస్తాయేమో అని కళ్లద్దాలు రేపు, వచ్చే నెల అని వాయిదా వేస్తూ వచ్చాం. అమ్మాయి ఇంకా మొదటి బెంచీలోనే కూర్చుంటోంది.

ఈ పరీక్ష డిసెంబరులో మళ్లీ ఉంటుంది. మా చిన్నది ఇప్పుడు ఎనిమిదిలోకి వచ్చింది. మొన్న రాత్రి నా మిషను పక్కన చేతి అద్దం కనపడలేదు. వెతికితే దాని పుస్తకాల దగ్గర ఉంది.

ఇట్లు,
ఎన్ఎంఎంఎస్‌లో నెగ్గిన ఒక అమ్మాయి తల్లి,
చీపురుపల్లి మండలం, విజయనగరం జిల్లా