ఆయిల్ కూలర్‌ని చివరికి వదిలేయకురా

ఒరేయ్,

మాజ్డా 13బి రోటరీ ఇంజన్‌తో నువ్వు కడుతున్న విమానం గురించి రాసిన మెయిల్ చదివాను, ఫొటోలన్నీ జూమ్ చేసి మరీ చూశాను. ఇంజన్ మౌంట్ వెల్డింగ్ బాగా కుదిరింది, దానికి వంక పెట్టను. కానీ రేడియేటర్లు రెండింటినీ అంత శ్రద్ధగా అమర్చి, ఆయిల్ కూలర్ దగ్గరికి వచ్చేసరికి "మిగిలిన జాగాలో ఎక్కడో ఒకచోట బిగించేస్తాలే" అని ఒక్క ముక్కలో తేల్చేశావు చూడు, అక్కడే ఆగిపోయాను. ఈ ఉత్తరం ముఖ్యంగా దాని కోసమే. మధ్యలో పక్కదారులు పడతాను, ఓపిక పట్టు.

నువ్వు ఇన్నాళ్లూ పిస్టన్ ఇంజన్లతో తిరిగినవాడివి కదా, అందుకే ఆయిల్ అంటే బేరింగులు తడిపేదే అన్న ఆలోచన ఇంకా పోలేదు. 13బిలో పిస్టన్ల బదులు తిరిగే రోటర్లని లోపలి నుంచి చల్లబరిచేది ఆయిలే. రోటర్లు తిప్పే ప్రధాన షాఫ్ట్, అదే ఎక్సెంట్రిక్ షాఫ్ట్‌లో ఉన్న జెట్లు రోటర్ల లోపలి ఖాళీల్లోకి ఆయిల్ చిమ్ముతాయి, అది వేడిని పట్టుకుని కింద ఉన్న ఆయిల్ తొట్టి, అదే సంప్‌లోకి జారిపోతుంది. బయటికి పంపాల్సిన వేడిలో దాదాపు మూడో వంతు ఈ దారినే పోవాలి, మిగతాది కూలెంట్ చూసుకుంటుంది. పైగా కారులో ఫుల్ త్రాటిల్ అంటే కొన్ని సెకన్ల ముచ్చట. విమానంలో అయితే టేకాఫ్ నుంచి నిమిషాల తరబడి అదే పని, అదీ గాలి వేగం బాగా తక్కువగా ఉండే క్లైంబ్‌లో, అంటే పైకెక్కేటప్పుడు. సమంగా ఎగిరే క్రూజ్‌లో అన్ని ఇంజన్లూ చల్లగానే ఉంటాయి, దాన్ని చూసి మురిసిపోకు. వేసవి మధ్యాహ్నం క్లైంబ్‌లో గేజీ ఎక్కడ ఆగుతుందన్నదే అసలు లెక్క.

ఇంజన్‌లోకి తిరిగి వెళ్లే ఆయిల్ 93 డిగ్రీల సెల్సియస్ దాటకుండా, కూలెంట్ 105 లోపు ఉండేలా చాలామంది బిల్డర్లు గీత గీసుకుంటారు. నేనూ అదే పాటిస్తాను. ఆయిల్ అదేపనిగా మరిగిపోతుంటే ముందు దెబ్బతినేది రోటర్ పక్కన ఆయిల్ కంట్రోల్ రింగుల కింద ఉండే రబ్బరు ఓ-రింగులు. అవి గట్టిపడితే ఆయిల్ ఇంధనం మండే చాంబర్‌లోకి చొరబడి పొగ మొదలవుతుంది, ఆ తర్వాత ఇంజన్ విప్పడం తప్ప వేరే దారి లేదు. అలాగని మరీ చల్లగా ఉన్నా మంచిది కాదు, 80 లోపే ఉండిపోతే ఆయిల్‌లో చేరిన తేమ ఆవిరైపోదు. పాత మాజ్డా ఆర్‌ఎక్స్-7 కారు కూలర్‌లో, ఆయిల్ చల్లగా ఉన్నప్పుడు దాన్ని పక్కదారిన పంపే థర్మోస్టాట్ బైపాస్ లోపలే ఉంటుంది కాబట్టి ఆ బెంగ తగ్గుతుంది. రెండు చిన్న కూలర్లని పక్కపక్కన పెట్టి ఆయిల్‌ని రెండింటికీ పంచుతానన్నావు, అది మాత్రం వద్దు. చలిలో ఒకదాంట్లో ఆయిల్ చిక్కబడిందంటే ఆయిలంతా తేలిక దారి వెతుక్కుని రెండోదాంట్లోంచే పోతుంది, చిక్కబడింది అలాగే ఉండిపోతుంది. రెండూ వాడాలనుకుంటే ఒకదాని తర్వాత ఒకటి పెట్టు, లేదా పెద్దది ఒకటే కొను.

ఇప్పుడు గొట్టాల సంగతి. ఈ ఇంజన్‌లో ఆయిల్ వెళ్లే దారి గుర్తు తెచ్చుకో: పంపు నుంచి నేరుగా ఇంజన్ బయటికి, కూలర్‌లోకి, మళ్లీ లోపలికి, ఫిల్టర్, ఆ తర్వాతే బేరింగులు. అంటే ఆయిల్‌లో ఏదో కొంత భాగం కాదు, మొత్తం ప్రవాహం నువ్వు బిగించిన హోసుల్లోంచే పోతోంది. ఒక్క ఫిట్టింగ్ ఊడితే సంప్‌లో ఉన్న నాలుగైదు లీటర్లూ ఎంతోసేపు నిలవవు. ఇంకోటి, ప్యానెల్ మీద చూసే ప్రెషర్ ఫిల్టర్ దాటాక తీసుకున్నది. చల్లటి ఉదయం స్టార్ట్ చేసినప్పుడు కూలర్ మీద, దానికి ముందున్న హోసు మీద పడే ప్రెషర్ అంతకంటే బాగా ఎక్కువే ఉంటుంది. అందుకే ఆ లైనులో క్లిప్పులతో బిగించే రబ్బరు గొట్టం ముక్క ఒక్కటి కూడా కనపడకూడదు. కనపడిందో, నేను వచ్చి పీకి పారేస్తాను.

"ఏఎన్-8 సరిపోతుందిగా, బరువు తగ్గుతుంది" అన్నావు. ఏఎన్ అనేది ఈ హోసు ఫిట్టింగుల ప్రమాణం, డాష్ తర్వాతి అంకె అంగుళంలో పదహారో వంతుల లెక్క కదా, 10 అంటే ఐదు బై ఎనిమిది అంగుళాలు, 8 అంటే అర అంగుళం. చూడ్డానికి తేడా చిన్నదే. కానీ అంతే ప్రవాహానికి ప్రెషర్ నష్టం, లోపలి వ్యాసం అయిదో ఘాతానికి విలోమంగా పెరుగుతుంది. వ్యాసం అయిదో వంతు తగ్గితే నష్టం మూడు రెట్లవుతుంది. నువ్వు మిగుల్చుకునే బరువు దానికి తగ్గ లెక్కేం కాదు. ఏఎన్-10 కంటే తగ్గకు. మొనదేలిన 90 డిగ్రీల ఎల్బోల బదులు వంపు తిరిగినవి వాడు, అసలు కూలర్‌ని కాస్త తిప్పి పెడితే రెండు ఎల్బోలు వద్దనుకోవచ్చేమో చూడు.

ట్యూబు చివర గరాటులా విచ్చుకునే ఫ్లేర్ ఆటోమొబైల్‌ది 45 డిగ్రీలు, ఏఎన్‌ది 37. రెండూ కలిపి బిగిస్తే బిగుస్తాయి కూడా, అదే ప్రమాదం. పైకి బాగానే కనిపిస్తాయి, కొంతకాలానికి చెమ్మ తేలుతుంది, ఆ తర్వాత ఫ్లేర్ చీలుతుంది. ఫ్లేర్ జాయింట్‌కి టేపు చుట్టకు, లోహానికి లోహం అతుక్కోవడమే దాని సీలు. టేపు పీలికలు ఆయిల్ గ్యాలరీలో ఇరుక్కుంటే వెతికి పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. ఇంజన్ ఆయిల్ పోర్టుల మర చాలా 13బిల్లో ఎం18 బై 1.5 ఉంటుంది. దానికి తగిన అడాప్టర్, కొత్త రాగి వాషర్ వాడు. ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ కాక్‌పిట్‌కీ మధ్య గోడ) ముందు వైపు ఆయిల్ ఫిట్టింగులు స్టీలువి పెట్టి, హోసుల మీద మంటకి ఆగే ఫైర్‌స్లీవ్ తొడుగు. అల్యూమినియం 660 డిగ్రీలకే కరిగిపోతుంది, రోటరీ ఎగ్జాస్ట్ పిస్టన్ ఇంజన్ ఎగ్జాస్ట్ కంటే వేడి. నీ మూడో ఫొటోలో రిటర్న్ హోసు ఎగ్జాస్ట్ పైపుకి బెత్తెడు దూరంలో కూడా లేదు. దాన్ని అటు నుంచి తప్పించు, తప్పించలేకపోతే మధ్యలో స్టెయిన్‌లెస్ రేకు అడ్డం పెట్టు. ఇంజన్ రబ్బరు మౌంట్ల మీద ఊగుతుంది కాబట్టి హోసుకి కొంచెం సడలు కూడా వదలాలి.

కూలెంట్ వైపు నీ పని బాగుంది కాబట్టి ఎక్కువ నస పెట్టను, కానీ మూడు నాలుగు సంగతులు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. థర్మోస్టాట్ తీసేస్తానన్నావు. తీసేయ్, నాకేం అభ్యంతరం లేదు, కానీ దాని కింద హౌసింగ్‌లో ఉన్న బైపాస్ రంధ్రాన్ని కచ్చితంగా మూసేయాలి. మూయకపోతే వేడి నీళ్లు రేడియేటర్ దాకా పోకుండా అటు నుంచి అటే పంపులోకి తిరిగి వెళ్లిపోతాయి, నువ్వేమో ఇంజన్ మీది కౌల్ గాలి దారిని కోసి పెద్దది చేసుకుంటూ కూర్చుంటావు.

బుడగల గొడవ ఇంకోటి. నీది టెయిల్‌డ్రాగర్, అంటే తోక కింద చక్రం ఉన్న విమానం. నేల మీద ముక్కు పైకెత్తి ఉంటుంది కాబట్టి సిస్టమ్‌లో అన్నిటికన్నా ఎత్తైన చోటు ఒకటి, గాలిలో సమంగా ఎగిరేటప్పుడు మరొకటి. హ్యాంగర్‌లో తోక కింద ఉండగా నీళ్లు పోసి "నిండింది" అనుకుంటే, లోపల ఇరుక్కున్న గాలి ఎగిరాక ఇంకో మూలకి చేరుతుంది. రెండు ఎత్తైన చోట్ల నుంచీ గాలి బయటికి పోయే సన్నటి వెంట్ లైన్లు పైన ఉండే హెడర్ ట్యాంకుకి లాగు. నింపేటప్పుడు తోక ఎత్తి ఒకసారి, దించి ఒకసారి చూడు. హెడర్ ట్యాంకు కింది నుంచి వచ్చే లైను పంపు నీళ్లు పీల్చుకునే వైపు కలవాలి, అక్కడ ప్రెషర్ పడిపోతే పంపు నురగ కొడుతుంది. ప్రెషర్ క్యాప్ ఉండాల్సింది కూడా ఆ ట్యాంకు మీదే. 14 పీఎస్ఐ క్యాప్ అంటే బయటి గాలికి అదనంగా 14 అని గుర్తుంచుకో. 10,000 అడుగుల ఎత్తులో బయటి ప్రెషర్ 14.7 నుంచి దాదాపు 10కి పడిపోతుంది, ఆ లెక్కన నీళ్లు మరిగే ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు కిందికి దిగుతుంది.

అన్నిటికన్నా నాకు భయం వేసేది టెంపరేచర్ గేజీ. కూలెంట్ కారిపోయి సెన్సర్ చుట్టూ ఆవిరో గాలో మిగిలితే ముల్లు పైకి పోదు, హాయిగా కిందికి దిగుతుంది. నువ్వేమో "ఆహా, చల్లబడింది" అనుకుంటావు. కాబట్టి కూలెంట్ ప్రెషర్‌కి కూడా ఒక సెన్సర్ పెట్టు, పడిపోతే ఎర్ర లైటు వెలిగేలా. లీకైతే ముందు పడేది ప్రెషరే. ప్యానెల్‌లో జాగా లేదని మళ్లీ వాదించకు, ఆ రెండో క్లాక్ తీసేస్తే బోలెడు జాగా.

అల్యూమినియం ట్యూబు చివర బీడ్ (హోసు జారకుండా ఉబ్బెత్తు అంచు) లేకుండా హోసు ఎక్కించావని చూస్తేనే తెలుస్తోంది. నున్నటి ట్యూబు మీద ఎన్ని క్లిప్పులు బిగించినా ప్రెషర్ వచ్చాక జారుతుంది, బీడ్ కొట్టించు. అంతా అయ్యాక చేతి పంపుతో క్యాప్ స్థాయికి ప్రెషర్ పెట్టి రాత్రంతా వదిలెయ్. ఆయిల్ వైపు అయితే ప్లగ్గులు తీసేసి, ఇగ్నిషన్, ఫ్యూయల్ ఆపి, ప్రెషర్ కనపడేదాకా స్టార్టర్‌తో తిప్పి, ఆ తర్వాతే మొదటి స్టార్ట్.

చివర్లో ప్రొపెల్లర్‌కి వేగం తగ్గించే గేర్‌బాక్స్ ఆయిల్ అడిగావు కదా. దానికి వెళ్లే లైను సన్నగా ఉన్నా పర్లేదు, ఏఎన్-4 చాలు. తిరిగి వచ్చేది మాత్రం ప్రెషర్ లేకుండా, బరువుకి తనంతట తాను జారాలి. కాబట్టి లావుగా, ఎక్కడా పైకి ఎక్కకుండా, సంప్‌లో ఆయిల్ మట్టం కంటే పైన కలిసేలా వెయ్యి. నీ బొమ్మలో అది మౌంట్ ట్యూబు మీదుగా ఎక్కి దిగుతోంది. అక్కడ ఆయిల్ నిలిచిపోయి గేర్‌బాక్స్ నిండిపోతుంది, ముందు సీలులోంచి కారి విండ్‌షీల్డ్ అంతా పరుచుకుంటుంది. ట్యూబు కింది నుంచి తీసుకెళ్లడానికి జాగా ఉందో లేదో కొలిచి చెప్పు, లేకపోతే మౌంట్‌కి పౌడర్ కోటింగ్ వేయించకముందే ఆ ఒక్క ట్యూబు జరుపుదాం.